రెండు తలుపుల నడుమ

"ఇది ఎవరి తలెనో చదివి వేరు పెట్టినవా, చదవకనే పెట్టినవా?"

సరిత స్టీలు పళ్లేన్ని మొగుడి ముఖానికి ఎదురుగా పట్టుకుని నిలబడింది. పళ్లెం అంచునుంచి నీళ్లు కారి, నేలమీద పరిచిన ప్లాను మీద పడుతున్నాయి.

గంగాప్రసాద్ ముందు నీళ్లు తుడిచాడు. శుక్ర, శనివారాల సెలవు కాగానే ఆదివారం పొద్దున ఆఫీసులో పెట్టాల్సిన ప్లాను అది. తరవాత తలెత్తి పళ్లెం వైపు చూశాడు. అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. తమ పెండ్లి తేదీ. దాని కింద 'భూమేష్' అని పేరు.

"పేరున్నది గదా అని," అన్నాడు మెల్లగా. "కలిసిపోకుంట ఉంటదని."

"పేరున్నది గదా అని." సరిత ఆ మాటను నోట్లో రాయి తగిలినట్టు తిరిగి అంది. "కూలికి పత్తి ఏరవోయి కొనుక్కచ్చిండు వాడు. బడికి పోయే పిలగాడు. మా అక్కకు నేను గూడ చదివిస్త అని పందిట్ల అందరి ముంగట నిలవడ్డడు. ఆ తలెను వానికే వాపసు ఇస్తివి. అంటురోగపోని తలె జేసి ఇస్తివి."

పడకగదిలోంచి దగ్గు వినబడింది. పొడిగా మొదలై, లోతుకు పోయి, బావిలో చేద తగిలినట్టు ఎక్కడో తగిలి ఆగింది.

సరిత పళ్లేన్ని కిందికి దించింది.

భూమేష్ సరితకు ఒక్కగానొక్క తమ్ముడు. ఈ అరబ్బు దేశంలోనే, సిత్రాలో నూనె ట్యాంకుల చుట్టూ పరంజాలు కట్టే పని. క్యాంపులో జ్వరమని చెప్పి పోయిన శుక్రవారం అక్క ఇంటికి వచ్చాడు. వచ్చిన రోజే బావ వెంట మనామా సందులో చిన్న క్లినిక్కుకు పోతే, డాక్టరు వీపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. పెద్దాస్పత్రికి పోయి తెమడ పరీక్ష చేయించుకోమన్నాడు. ఆలస్యం చేయొద్దన్నాడు. అప్పటినుంచి ఆ రోగం పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, చీకటి పడ్డాక పాము పేరు ఎత్తనట్టు.

గంగాప్రసాద్ పరీక్షకు పోదామంటాడు. భూమేష్ రానంటాడు. టీబీ అని తేలితే ఇంటికి పంపిస్తారు, ఒక్కసారి 'అన్‌ఫిట్' అని పడితే ఇక దుబాయిలాంటి ఏ దేశమూ లోపలికి రానివ్వదు. క్యాంపులో అందరి నోటా ఉన్న మాట అది. సరిత ఎటూ తేల్చి చెప్పదు. మిరియాల పాలు కాస్తుంది. కోడిపులుసు వండుతుంది. తలుపు దగ్గర పెట్టి వస్తుంది.

ఇల్లంటే పెద్ద ఇల్లు కాదు. ఒక హాలు, ఒక పడకగది, నడవలాంటి వంటగది. వీధిలోకి అందరికీ ఒకటే తలుపు. పడకగది భూమేష్‌కు ఇచ్చి, మొగుడూ పెళ్లాం నాలుగేళ్ల కూతురు కళను తీసుకుని హాల్లోకి మారారు. గది తలుపు కింద సందులో గంగాప్రసాద్ పాత తువ్వాల కుక్కాడు. లోపల ఏసీ ఆపించి, ఈ ఎండాకాలంలో కిటికీ తెరిపించాడు. ఆ గది బాత్రూములో గాలి తోడే ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంది. హాల్లో, గది తలుపుకు ఇవతల నేలమీద ఆఫీసు టేపుతో ఒక గీత వేశాడు. కళ ఆ గీత దాటకూడదు.

కళకు అది తొక్కుడుబిళ్ల అయింది. గీత దాటి ఒంటికాలి మీద నిలబడేది. నాన్న చూస్తున్నాడో లేదో చూసి మళ్లీ ఇవతలికి దుమికేది.

ఇదంతా గంగాప్రసాద్‌కు ఆఫీసులో అబ్బిన బుద్ధి.

మనామాలో ఒక ఆస్పత్రి వెనక, రోగాల మీద పరిశోధన చేసే లాబొరేటరీ కట్టబోతున్నారు. ఆ బిల్డింగు గీసే పని అతని చేతికి వచ్చింది. జాగ చూస్తే గొడ్ల కొట్టమంత వెడల్పు. ఒక పక్క ఆస్పత్రి గోడ. వెనక కరెంటు సబ్‌స్టేషన్. ఇంకో పక్క పనివాళ్లు అద్దెకుండే పాత ఇండ్ల వరస. ముందర ఒక్కటే వీధి. ఆ ఇరుకులోనే ఊపిరితిత్తుల క్రిముల గదులు, రక్తం దాచే ఫ్రీజర్లు, వీధిలో లారీ పోతే వణికే మైక్రోస్కోపులు, వాటికి కావలసిన యంత్రాలు అన్నీ పట్టాలి. లోపలికి వచ్చే మంచి సామాను, బయటికి పోయే మురికి ఒకదానికొకటి ఎదురుపడకూడదు. రెండు దారులకు జాగ లేదు. ఈ గోడ జరిపితే ఆ మెట్లు పోయేవి. ఆ మెట్లు నిలబెడితే ఫ్రీజర్ల గది పోయేది. కురచ దుప్పటి కప్పుకున్నవాడి కాళ్లలా ఎటు గుంజినా ఏదో ఒకటి బయట పడేది.

మొదటి మీటింగులో లాబ్ డాక్టరమ్మ చెప్పిన మాట అతని మనసులో మేకు దిగినట్టు దిగింది. "గోడలు తరవాత గీయండి. ముందు గాలిని గీయండి," అందామె. గాలి ఎప్పుడూ మంచి గదిలోంచి చెడ్డ గదిలోకి పోవాలిగాని వెనక్కి తిరిగి రాకూడదు. రెండింటికీ నడుమ ఒక చిన్న గది. దానికి రెండు తలుపులు. ఆ రెండూ ఒకేసారి తెరుచుకోకూడదు. ఒకటి మూసుకున్నాకే రెండోది.

తన ఇంట్లో ఆ నడిమి గది లేదు. టేపు గీతే ఉంది.

"చెప్పు," అంది సరిత. "తలెతోని వస్తదా ఆ రోగం?"

"రాదు."

"మరి ఎట్ల వస్తది? మొన్న నువ్వే చెప్పితివి గదా. డాక్టరమ్మ ఇట్ల చెప్పింది, డాక్టరమ్మ అట్ల చెప్పింది అనుకుంట."

"గాలితోని."

"గాలితోని వచ్చేదానికి తలె ఎందుకు వేరు జేసినవ్?"

అతను గది తలుపు వైపు చూశాడు. తువ్వాల కుక్కింది ఆఫీసు బుద్ధి. పళ్లెం వేరు చేసింది అది కాదు. చిన్నప్పుడు వాళ్ల వాడలో రక్తం కక్కే ముసలాయన ఒకాయన ఉండేవాడు. అరుగు చివర ఆయన సత్తుగిన్నె వేరుగా ఉండేది. పిల్లలు ఆ గిన్నెను ఆటలో కూడా కాలితో తన్నేవారు కాదు. ఆ భయం ఇన్నేళ్ల చదువు కింద చల్లగా అణిగి ఉండి, మొన్న తన చెయ్యి పట్టుకుని పళ్లేల అల్మరా దాకా నడిపించింది.

"తప్పయింది," అన్నాడు.

"పెండ్లినాడు బువ్వంబంతిల ఇద్దరొక్క తలెల తింటిరి. నీ చేతిల ముద్ద వాడు గుంజుకొని తింటే పందిరంత నవ్వింది. నువ్వు గూడ నవ్వినవ్."

"మెల్లగ మాట్లాడు. వాడు వింటుండు."

"ఎట్ల వింటడు? తువ్వాల కుక్కినవ్ గదా. గాలే రాదంటివి, మాటెట్ల పోతది?"

కళ గీత మీద ఒంటికాలితో నిలబడి ఇద్దరి ముఖాలూ చూస్తోంది. రెండో కాలు దించాలో వద్దో దానికి తెలియడం లేదు.

సరిత పళ్లేన్ని ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూచుంది. చున్నీతో తుడిచింది. తడి ఆరిపోయినా తుడుస్తూనే ఉంది.

ఆమె చూపు ప్లాను మీద పడింది.

"ఈ గుండ్రంగ గీసినయి ఏంది?"

"గొట్టాలు. క్రిముల గదులల్ల గాలిని తోడి, వడపోసి, మీదికెల్లి బయటికి కొడ్తయి."

"ఎటు కొడ్తయి?"

గంగాప్రసాద్ ప్లాను అంచు సరిచేశాడు. ఆస్పత్రి పక్కన పెడితే రోగుల కిటికీలు. వీధి పక్కన పెడితే యంత్రాలకు జాగ చాలదు, ఒక అంతస్తే పోతుంది. నిన్న గురువారం మీటింగులో తన పై ఆఫీసరు ఫరీద్ సాబ్ పెన్సిలుతో ఇండ్ల వరస దిక్కు చుక్క పెట్టాడు. "ఇక్కడ. అటు ఉండేది లేబరే గదా," అన్నాడు. ఫరీద్ సాబ్ చెడ్డవాడు కాదు. కళ పుట్టినప్పుడు మిఠాయి డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చిన మనిషి. వడపోసిన గాలితో ఎవరికీ ఏమీ కాదని డాక్టరమ్మ కూడా చెప్పింది. నిజమే అయి ఉంటుంది. అయినా ఆ గాలిని రోగుల కిటికీల వైపు తిప్పుదామని ఆ గదిలో ఎవరూ అనలేదు. గంగాప్రసాద్ కూడా అనలేదు. చుక్క ఉన్నచోట గొట్టాలు గీశాడు.

"ఇటు దిక్కు," అని వేలు పెట్టి చూపించాడు.

"ఇటు ఎవరుంటరు?"

"పనోళ్లు."

సరిత అతని వేలి కింది గీతలనే చూసింది. ఏదో ఒకటి అడిగితే బాగుండునని అతను ఎదురుచూశాడు.

అప్పుడు పడకగది తలుపు కదిలింది. కింద కుక్కిన తువ్వాల తలుపుతోపాటు జరిగింది. భూమేష్ బయటికి వచ్చాడు. భుజాన సంచి. ముఖానికి అడ్డంగా దస్తీ కట్టుకున్నాడు. వచ్చేటప్పుడు సరిపోయిన చొక్కా ఇప్పుడు దండెం మీద వేసినట్టు వేలాడుతోంది.

గీతకు అవతలే ఆగాడు.

"గీత మంచిగనే కొట్టినవ్ బావా. కని నా కోడలు దాని మీద కబడ్డీ ఆడుతున్నది," అన్నాడు. దస్తీ వెనక నవ్వినట్టున్నాడు. "నన్ను క్యాంపుల దించు."

"ఎటు పోతున్నవ్ రా?" సరిత లేచింది.

"డ్యూటీకి పిలిచిండ్రే అక్కా. ఫోర్‌మన్ ఫోన్ జేసిండు. ఆదివారం ఎక్కాలె."

"దగ్గుకుంట పరంజా ఎక్కుతవా?"

"మీదికి ఎక్కితే గాలి మంచిగ తాకుతది. ఈ గదిల ఉడికినట్టు ఆడ ఉడకదు గదా."

"పెద్దాస్పత్రికి పోదాం," అన్నాడు గంగాప్రసాద్. "ఇయ్యాలనే పోదాం. నేను ఎంబడుంట. మందులు మింగితే పోయే రోగమే భూమేషూ. ఆర్నెల్లు మింగాలె, పోతది."

"రోగం పోతది బావా. నేను గూడ పోత. ఆ మాట చెప్పవేంది?"

"ఇంటికి పోతే ఏమయితది? పానం కంటె ఎక్కువనా?"

"కాలో చెయ్యో ఇరిగి పోయినోన్ని చూడవస్తరు. పండ్లు పట్టుకొని వస్తరు. దీనితోని పోయినోని ఇంటి ముంగటికెల్లి నడువరు. ఊరు నీకు ఎరుక లేదా? నీకే ఎరుక, తలె గూడ వేరు పెడితివి."

కోపంగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు అన్నాడు. గంగాప్రసాద్ ప్లానును చుట్ట చుట్టసాగాడు.

"మీ గదిల ఎంతమంది ఉంటరు రా?" సరిత అడిగింది. ఆమెకు తెలియక కాదు.

"ఎనిమిది మందిమి."

"కిటికీ ఉన్నదా?" అన్నాడు గంగాప్రసాద్.

"ఉన్నది. కిటికీల ఏసీ బిగిచ్చిండ్రు."

గాలి ఆడని గది, ఎనిమిది ఊపిరులు. ముగ్గురికీ ఒకటే లెక్క తట్టింది. ఎవరి నోటా అది బయటికి రాలేదు.

సరిత మొగుడి వైపు చూసింది. "వద్దను," అంది. "నువ్వంటే ఉంటడు. నువ్వు వద్దను."

గంగాప్రసాద్ భూమేష్ ముఖం చూడలేదు. సరిత ముఖం చూడలేదు. కళ కాళ్లవైపు చూశాడు. దాని కుడికాలి బొటనవేలు గీతకు అవతల ఉంది.

"పద, దించుత," అన్నాడు.

తన గొంతులో బరువు దిగిన చప్పుడు తనకే వినబడింది. సరితకూ వినబడింది.

"ఆ గొట్టాల లెక్క వీన్ని గూడ గటే తిప్పినవ్," అంది ఆమె.

తమ్ముడి దగ్గరికి పోయి, సంచి జిప్పు తీసి పళ్లేన్ని అందులో పెట్టింది.

"నీకిచ్చిన తలెనే అది," అన్నాడు భూమేష్.

"ఎరుకే. ఈ ఇంట్ల ఇగ దానికి పనిలేదు. నువ్వే తిను దాంట్ల."

కళ గీత దగ్గరికి వచ్చి నిలబడింది. "మామా, మల్ల ఎప్పుడస్తవ్?"

భూమేష్ దాని తలమీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు. దస్తీ ముడి బిగించుకున్నాడు. గీతకు అవతలే నిలబడి ఒంటికాలి మీద ఒక గెంతు గెంతాడు. కళ కిలకిలా నవ్వింది. రెండో గెంతుకు దగ్గు వచ్చి గోడ పట్టుకున్నాడు. అది కూడా ఆటే అనుకుని కళ ఇంకా నవ్వింది.

*

కారులో ఏసీ వేయలేదు. నాలుగు అద్దాలూ దించారు. పొయ్యిలోంచి తోడిపోసినట్టు వేడిగాలి లోపలికి కొడుతోంది. శుక్రవారం కాబట్టి రోడ్డు బోసిగా ఉంది. భూమేష్ వెనక సీట్లో, కిటికీ పక్కన కూచున్నాడు. తనంతట తానే అక్కడ కూచున్నాడు.

సిగ్నల్ దగ్గర నేరుగా పోతే సిత్రా. కుడికి తిరిగితే పెద్దాస్పత్రి. గంగాప్రసాద్ చెయ్యి ఎప్పుడు మీట నొక్కిందో అతనికే తెలియదు. కుడి దిక్కు దీపం టిక్కు టిక్కుమంటోంది.

"బావా."

"ఊఁ."

"అటు మలిపితివంటే దుంకుత. బండి నడుస్తుండంగనే దుంకుత."

పచ్చదీపం పడింది. గంగాప్రసాద్ మీట ఎత్తేశాడు. బండి నేరుగా పోయింది.

సిత్రా వంతెన మీద సముద్రం వెనక్కి పోయి బురద బయట పడి ఉంది. ఉప్పువాసన, దానికింద ఏదో కుళ్లిన వాసన. దూరంగా తెల్లటి నూనె ట్యాంకులు ఎండకు మెరుస్తున్నాయి.

"నువ్వు గీసే ఆ బిల్డింగుల మా అసొంటోళ్ల తెమడనే చూస్తరా బావా?"

"ఊఁ."

"అద్దాల కింద పెట్టి?"

"ఊఁ."

"దానికి ఏసీ గది. రెండు తలుపులు. నెత్తిమీద గొట్టం. పెద్ద పెద్ద డాక్టర్లు." భూమేష్ నవ్వాడు. "తెమడకు గంత మర్యాద. తెమడ తెచ్చినోనికి సిత్రా క్యాంపు."

నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపు ఉంది. గంగాప్రసాద్ అద్దంలోంచి చూశాడు. బామ్మర్ది కిటికీలోంచి తల బయటికి పెట్టి, గాలికి ఎదురుగా దగ్గుతున్నాడు. దగ్గు అయ్యాక దస్తీ విప్పి చూసుకుని, మడత పెట్టి జేబులో దాచుకున్నాడు. ఇంకో దస్తీ తీసి కట్టుకున్నాడు.

"మీ గదిల పెద్దాయన, ముత్తన్నకన్న చెప్పు," అన్నాడు గంగాప్రసాద్.

"చెప్తే? ముత్తన్న మంచోడే. ఆయన ఎవ్వలికి చెప్పడు. కని తక్కినోళ్లు భయపడ్తరు. భయపడ్డోడు సీదా క్యాంపు ఆఫీసుకు పోతడు. వాని తప్పు గూడ గాదు. నేనున్నా గదే జేద్దును." కొంచెంసేపు ఆగాడు. "నువ్వు చెప్పవు గదా బావా?"

గంగాప్రసాద్ రోడ్డు చూస్తున్నాడు.

"అక్క మీద ఒట్టు పెట్టు."

"బండి నడుపుతున్న," అన్నాడు.

భూమేష్ కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు.

*

క్యాంపు గది ముందర వసారాలో చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. లోపల ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు. నడుమ నేలమీద పేపరు పరిచి, దానిమీద పెద్ద తాంబాళంలో బగారన్నం, కోడికూర పోసి పెట్టారు. చుట్టూ మనుషులు మోకాళ్లు తగిలేటట్టు కూచున్నారు.

గంగాప్రసాద్ అలవాటుకొద్దీ ముందు గదిని చూశాడు. మనుషులను తరవాత చూశాడు. ఒక కిటికీ. కిటికీ నిండా ఏసీ. ఏసీ చుట్టూ సందుల్లో అట్టముక్కలు కుక్కి టేపు వేశారు. తన హాల్లో తను వేసిన టేపులాంటిదే. గాలి తోడే ఫ్యాను లేదు. ఒక తలుపు, అది ఇప్పుడు తను నిలబడి ఉన్నది.

"రాండ్రి, రాండ్రి. మా ఊరల్లుడు వచ్చిండు." ముత్తన్న తాంబాళం దగ్గరినుంచే పిలిచాడు. గదిలో పెద్దవాడు ఆయన, సరిత వాళ్ల ఊరివాడు. "మేము కోడి వండితే వాసన మనామా దాక పోయినట్టున్నది. ఏడికెల్లి వచ్చినవ్ అల్లుడా, అమాసకు పున్నానికి గూడ రావు."

"మా అక్క ఏం పంపిందిరా?" పక్క మంచపు పరశురాం అప్పటికే భూమేష్ సంచి గుంజుకుని జిప్పు తీశాడు. చెయ్యి పెట్టి పళ్లేన్ని బయటికి తీశాడు. "తలెనే పంపింది. తలెల ఏంలేదు."

అందరూ నవ్వారు. ముత్తన్న పళ్లెం అందుకుని, కండ్లకు దూరంగా పట్టుకుని అంచుమీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"ఇది చదివింపుల తలె. ఆ లగ్గంల నేనున్న. అల్లుడా, చదివించిన తలె పుట్టింటికి వాపసు వచ్చిందంటే, మా పిల్లను గూడ ఎంబడే పంపుతున్నవా ఏంది? ముందుగాల చెప్పు, ఒక మంచం ఖాళీ చేపిస్త."

మళ్లీ నవ్వులు. గంగాప్రసాద్ నవ్వబోయాడు. ముఖం కదిలిందో లేదో అతనికి తెలియలేదు.

"నాకు దాంట్ల పెట్టియ్యి పెద్దన్నా," అన్నాడు భూమేష్. దస్తీ తీయలేదు. "నేను ఆ మూలకు కూసొని తింట. నోరు బాగలేదు."

ముత్తన్న పళ్లెంలో అన్నం పెట్టాడు. కూర వేశాడు. ఇవ్వబోయి ఆగాడు. భూమేష్‌ను చూశాడు, మూలను చూశాడు.

"నోరు బాగలేకుంటే పులుసు పోస్కో. మూలకెందుకు?"

"ఊకెనే."

"నువ్వు వచ్చినకాన్నుంచి ఎన్నడన్న వేరే తిన్నవా? అక్క ఇంట్ల వారం దినాలు మేజా మీద తినంగనే మా చేతులు పనికి రాకుంటయినయా?" తిట్టుగా అనలేదు, ముద్దుగానే అన్నాడు. పళ్లేన్ని తాంబాళం మీద బోర్లించాడు. అన్నమూ కూరా అందరి అన్నంలో కలిసిపోయాయి. "ఈడ వేరు తలెలు లేవు బిడ్డా. ఉంటే అందరికుండాలె."

భూమేష్ మణికట్టు పట్టుకుని తనకూ పరశురాంకూ నడుమ కూచోబెట్టాడు. కూచోబెట్టి, పిల్లవాడి ముక్కు తుడిచినంత తేలిగ్గా దస్తీ ముడి విప్పేశాడు.

"మొకానికి ఈ గంతలేంది, ఎద్దుకు కట్టినట్టు."

దస్తీ లేకుండా భూమేష్ ముఖం చిన్నగా, ఎవరిదో అన్నట్టు ఉంది. పెదవులు బిగించి ఉన్నాడు.

ఖాళీ పళ్లెం పేరు పైకి కనబడేటట్టు పక్కన పడి ఉంది.

"నువ్వు గూడ చెయ్యి కలుపు అల్లుడా," అన్నాడు ముత్తన్న. "తలుపేసి రా. చల్లగాలంత బయటికి పోతున్నది."

తలుపు పక్కన కూచున్న లింగన్న కొంచెం జరిగి అతనికి చోటు ఇచ్చాడు. లింగన్న వెనక మంచం కమ్మీకి ఒక పసిపిల్ల ఫొటో అతికించి ఉంది. లింగన్న ఈ దేశం వచ్చాక పుట్టిన బిడ్డ. ఇంకా ఎత్తుకోలేదు.

గంగాప్రసాద్ గడపలో ఉన్నాడు. ముందరినుంచి చల్లదనం పాదాల మీదికి పాకుతోంది. వెనకనుంచి ఎండ వీపు కాలుస్తోంది. అటు గది, ఇటు వసారా. రెండింటికీ నడుమ తను నిలబడ్డ జానెడు జాగ. చెయ్యి తలుపు మీద ఉంది.

భూమేష్ అతన్నే చూస్తున్నాడు. తల ఆడించీ ఆడించనట్టు ఆడించాడు. వద్దు.

దగ్గు వస్తోంది వాడికి. గంగాప్రసాద్‌కు తెలిసింది. ఎదురురొమ్ము ఎగిసి ఆగిపోయింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఊపిరి బిగబట్టి, పెదవులు కరుచుకుని, నీళ్లు నిండిన కండ్లతో బావ ముఖం చూస్తున్నాడు. చుట్టూ ఏడుగురు ముద్దలు కలుపుతున్నారు.

"తలుపెయ్యి అల్లుడా."

"తీసే ఉంచుండ్రి," అన్నాడు గంగాప్రసాద్.

"ఏంది?"

"తలుపు. తీసే ఉంచుండ్రి. ఏసీ బందు జేసి, ఆ అట్టలు పీకేయిండ్రి."

పరశురాం నవ్వబోయి, ముత్తన్న ముఖం చూసి మానుకున్నాడు. పైకి లేచిన ముద్దలు లేచిన చోటే ఆగాయి. అప్పుడు భూమేష్ బిగబట్టిన దగ్గు తెగింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, తాంబాళం నుంచి ముఖం తిప్పుకుని, గోడవైపు వంగిపోయి దగ్గాడు. ఏసీ హోరులో కూడా ఆ దగ్గు గదంతా తిరిగింది.

దగ్గు ఆగేసరికి లింగన్న లేచి నిలబడ్డాడు. మంచం కమ్మీకున్న ఫొటోను ఒకసారి చూశాడు. గడపలో ఉన్న గంగాప్రసాద్‌ను రాసుకుంటూ బయటికి పోయాడు. ఎంగిలి చెయ్యి కడగలేదు. చెప్పులు తొడుక్కోలేదు. కాలే సిమెంటు మీద వట్టికాళ్లతో క్యాంపు ఆఫీసు దిక్కు నడిచాడు.

"మాకెందుకు చెప్పలే బిడ్డా?" అన్నాడు ముత్తన్న.

గంగాప్రసాద్‌ను కాదు అడిగింది. పక్కన ముడుచుకుని కూచున్న భూమేష్‌ను అడిగాడు. ఆయన ఎడమచెయ్యి ఇందాకటినుంచీ భూమేష్ భుజం మీదే ఉంది. నొక్కడం లేదు, తీయడం లేదు.

భూమేష్ ఆ చేతివైపే చూస్తున్నాడు.